కింద పెట్టని ముక్డెన్ తుపాకి

ప్లాట్ నది లోయలో జరిగే తుపాకుల సంతల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు, గోడకు అంటించలేదు. అయినా ఆదివారం ప్రార్థనకు ఎగనామం పెట్టేవాళ్ళు కూడా దీన్ని మీరరు. బల్ల మీది వస్తువును చేతిలోకి తీసుకున్నావంటే, అది నీ చేతిలో ఉన్నంతసేపూ బేరం నీది. పక్కన నిలబడ్డవాడు ఎంత కలవాడైనా ధర ఊసెత్తకూడదు. అమ్మే మనిషి నీ భుజం మీదుగా ఇంకొకరికి సైగ చెయ్యకూడదు. దాన్ని బల్ల మీద పెట్టేసి "మంచిదండీ" అన్నావా, ఇక అది లోకానిది. చేతిలో వస్తువుతో బల్ల వదిలి పోవడం మాత్రం దొంగతనమే. ఎంతసేపు పట్టుకోవచ్చన్నదానికి హద్దు లేదు. అలాంటి హద్దు పెట్టాల్సిన అవసరం ఎవరూ తేలేదు, ఎల్డన్ జెలినెక్ దాకా.

ఎల్డన్ పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగు మార్చి నెలల్లోనూ సంత జరిగింది. ప్రతిసారీ కాఫీ డ్రమ్ము దగ్గర ఎవరో ఒకరు ఆనాటి సంగతి ఎత్తుకోవడం, పక్కవాడు "అది అలా కాదు" అని అందుకోవడం, ఇద్దరూ కలిసి కథకు లేని కొమ్ములు తగిలించడం మామూలైపోయింది. జరిగింది చెప్పుకుంటే చాలు. దానికి కొమ్ములు అక్కర్లేదు.

ఎల్డన్ ముప్పై ఎనిమిదేళ్ళు ఊరి ధాన్యం గోదాములో కాటా మనిషిగా పనిచేశాడు. మొక్కజొన్న లారీ కాటా ఎక్కుతుండగానే కిటికీలోంచి చూసి బరువు చెప్పేవాడు. ముల్లు ఆగాక చూస్తే ఒక బస్తా అటో ఇటో. ఆరడుగుల పైన మూడంగుళాల మనిషి. మాట నిదానం, నడక అంతకంటే నిదానం. ఒక్క చెవులే ఆయనవి కానట్టు ఉండేవి. లోపల సంతోషం పుట్టగానే అవి ఎర్రబడేవి. పేకాటలో మంచి ముక్కలు పడిన సంగతి ఆయనకంటే ముందు ఎదుటివాళ్ళకి తెలిసేది. అందుకని పేక మానేశాడు. ఊళ్ళో ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకుమించి ఏమీ ఉండేది కాదు, 1989లో కోళ్ళ గూటికి నక్క బెడద రాకపోయి ఉంటే.

ఆ రోజుల్లో ఇనుప సామాను కొట్లో, పారల పక్కన, పీపాలో నిలబెట్టి చైనా తుపాకులు అమ్మేవారు. ఎస్.కె.ఎస్. అనే రకం. చైనా సైన్యం వాడి పక్కన పడేసినవి. జిడ్డుగా, పసుపచ్చని గ్రీజులో మునిగి ఉండేవి. ఒక్కోటి ఎనభై డాలర్లు, ట్రాక్టరు టైరు కన్నా చవక. కొన్నవాళ్ళు కొన్నట్టే కొయ్య పీకేసి నల్ల ప్లాస్టిక్ తగిలించేవారు, బాయినెట్టు విరిచి పెరటి కంచెకు గుచ్చేవారు. ఎల్డన్ కూడా నక్క కోసమే ఒకటి తెచ్చి, వెనక మెట్ల మీద కూర్చుని గుడ్డతో గ్రీజు తుడవడం మొదలుపెట్టాడు. గ్రీజు కింద అక్షరాలు కనిపించాయి. ఇనుము మీద కొన్ని, కొయ్య మీద ఎవరో కత్తిమొనతో చెక్కినవి కొన్ని. చీకటి పడేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు. నక్క ఆ ఏడాది బతికిపోయింది.

మర్నాడు అక్షరాల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చు పట్టుకుని గ్రాండ్ ఐలండ్‌లో చైనా భోజన హోటలు నడిపే త్సాయ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఇనుము మీద ఉన్నది "యాభై ఆరో రకం" అని ఆవిడ చదివి చెప్పింది. కొయ్య మీది రాత చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రెండో దళం, వంటశాల" అని ఉంది. ఏ కొండ మీదో పోరాడిన వీరుడి తుపాకి అనుకుంటూ ముప్పై మైళ్ళు కారు నడిపి వచ్చిన ఎల్డన్ మొహం చూసి ఆవిడకు జాలేసింది.

"చిన్నబుచ్చుకోకు. వంటవాడికి తుపాకి ఇచ్చారంటే ఆ దళంలో తిండి ఎలా ఉండేదో ఆలోచించు" అంది.

ఆ నవ్వుతో మొదలైంది. నెలకోసారి కొత్త అచ్చులతో వెళ్ళేవాడు. జూలైలో తీపి మొక్కజొన్న కండెలు బుట్టెడు ఇచ్చి, బదులుగా ఏడాదంతా అక్షరాలు నేర్చుకున్నాడు. నలభై దాకా వచ్చాయి. తన మనవడికి ఇందులో పదో వంతు శ్రద్ధ లేదని ఆవిడ వాపోయేది. అయినా ఇంత కష్టపడి చైనా భాష నేర్చుకుని నెంబర్లు తప్ప ఏమీ చదవని మనిషిని భూప్రపంచంలో చూడలేదని కూడా అనేది.

తర్వాత, 1994లో, ఆ తుపాకులు దేశంలోకి రాకుండా వాషింగ్టన్‌లో తలుపు మూశారు. పీపాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు చూసుకుంటే, కోయనివీ, మార్చనివీ, ఏ ముక్కకు ఆ ముక్క మీద ఒకే నెంబరున్నవీ వేళ్ళ మీద లెక్కపెట్టేలా మిగిలాయి. ఆయన అచ్చుల పిచ్చి చూసి నవ్వినవాళ్ళే ఎల్డన్ ఇంటి తలుపు తట్టి, ఫలానా త్రికోణం ముద్ర ఉన్నది ఎంత చేస్తుంది, ఫలానా ఫ్యాక్టరీది అరుదైనదేనా అని అడగసాగారు.

ఈ పాత తుపాకుల లోకంలో విడ్డూరం ఏమిటంటే, ఇక్కడ మురికికే వెల. వందేళ్ళ చెమట, జిడ్డు, గీతలు, నలుపు అన్నీ ఉన్నది ఉన్నట్టు ఉంటేనే వస్తువు. తోమితే పోయిందే. ఈ సంగతి వేలంపాటలు పాడే డెల్మర్ షెఫ్లర్‌కు తెలియక కాదు. డెల్మర్ ఎల్డన్‌తో ఒకటో తరగతి నుంచీ చదువుకున్నవాడు, ఆయన తర్వాత చైనా తుపాకుల పిచ్చి ముదిరినవాడు. అతనికి ఒకసారి పాత హాన్‌యాంగ్ తుపాకి దొరికింది, చైనా రాజుల కాలంనాటిది. చిన్న తుప్పు మరక తీద్దామని కూర్చుని, ఆ మరక పోయిన చోటు తెల్లగా కనిపించేసరికి దాని పక్కది కూడా తీశాడు. అలా తీస్తూ తీస్తూ తెల్లారేసరికి మొత్తం అద్దంలా చేసిపెట్టాడు. సంతకు తెస్తే జనం వచ్చి చూసి, టోపీలు తీసి, ఒక నిమిషం మౌనంగా నిలబడి వెళ్ళారు. ఆ తర్వాత పదేళ్ళు డెల్మర్ ఎక్కడ కనిపించినా అద్దం ఉందా, క్రాపు దువ్వుకోవాలి అని అడిగేవారు.

ఎల్డన్ ఇల్లాలు ఆర్డిస్. తుపాకుల గురించి ఒక్క ముక్క తెలియదని ఆమే చెప్పుకునేది. సంత జరిగే రోజు చర్చి ఆడవాళ్ళతో కలిసి అవతలి గదిలో వంట కౌంటరు చూసేది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ఎల్డన్ జేబులో నలభై డాలర్లు మించి ఉండకూడదు. ఒకప్పుడు ఒక చిన్న మరమేకు కోసం సంతకు వెళ్ళి, అది మర్చిపోయి, రెండు తుపాకులతో తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఈ నియమం. ఎల్డన్‌కు అది న్యాయంగానే తోచింది.

2009 మార్చి, రెండో శనివారం. జిల్లా తిరునాళ్ళ మైదానంలో పశువుల ప్రదర్శన జరిపే పెద్ద హాలు. గుమ్మం దగ్గర, తూటా ఎక్కించడానికి వీల్లేకుండా, ప్రతి తుపాకి బోల్టుకూ ప్లాస్టిక్ కట్టు బిగించి లోపలికి పంపుతున్నారు. పదకొండు గంటలకు ఎల్డన్ మూడో వరస చివర లోర్నా పోకోర్నీ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు రెండో తరగతి చెప్పిన టీచరు. ఎల్డన్ కూతురు ఆవిడ దగ్గరే ఎక్కాలు నేర్చుకుంది. ఆవిడ భర్త వెర్నన్ కిందటి అక్టోబరులో పోయాడు. ఆయన సామానంతా బల్ల మీద పరిచింది. తళతళలాడే ఆరు వేట తుపాకులు, చేపల గాలాల పెట్టె, సీసాల నిండా మేకులు. ఎల్డన్ ఓదార్పు మాట ఒకటి అందామని ఆగాడు. నోరు తెరిచాడు. చూపు మాత్రం బల్ల మీదికి జారింది.

ఆరు మెరిసేవాటి వెనక, మురికిగా, ఏడోది ఉంది. దారంతో కట్టిన చీటీ మీద టీచరుగారి గుండ్రటి అక్షరాల్లో "జపాన్ తుపాకి, 375" అని రాసి ఉంది.

భుజానికి ఆనే చోట కొయ్య రెండు ముక్కలుగా అతికి ఉంది. అది జపాన్ పద్ధతే. బోల్టు మీద రేకు మూత, అదీ జపాన్ పద్ధతే. కానీ గొట్టం, మూతి దగ్గరి పట్టీ, ఆ నడుము చూస్తే జర్మన్ మౌజరు తుపాకి పోలిక. ఇనుము మీద ఒక గుండ్రటి ముద్ర. ఎల్డన్ చెయ్యి ఎల్డన్‌ను అడక్కుండానే ముందుకు వెళ్ళింది. తీసి ఎత్తి చూశాడు. కాటా మనిషి చేతికి బరువు తెలిసింది. ముద్ర కిందికి వంగి చూసేసరికి మిగతాదీ తెలిసిపోయింది. ముక్డెన్. చైనా ఉత్తరాన మంచూరియాలో ఒక యుద్ధనాయకుడు జర్మనీ నుంచి కొంతా జపాన్ నుంచి కొంతా అరువు తెచ్చుకున్న బుద్ధితో చేయించిన తుపాకి. పుస్తకాల్లో బొమ్మలు చూశాడు. నిజంది ఇరవై ఏళ్ళలో ఒక్కసారి చూశాడు, టల్సా సంతలో, మరొకడి చేతిలో. వాడు కింద పెట్టలేదు.

పెద్దగా నవ్వాలనీ, బల్ల చుట్టూ పరిగెత్తాలనీ అనిపించింది. జేబులో నలభై డాలర్లు ఉన్నాయన్న సంగతి దాని తర్వాత గుర్తొచ్చింది.

"ఏరా ఎల్డన్, చెవులు కాలిపోతున్నాయి. చలా?"

రెండు బల్లల అవతల్నుంచి డెల్మర్.

"చలే."

"లోపల హీటరుందిగా" అంటూ డెల్మర్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తుపాకి వంక ఒక్కసారి చూశాడు. అంతే, అతని నవ్వు సగంలో ఆగిపోయింది. పదకొండు గంటల అయిదు నిమిషాలకు ప్రపంచంలో ఆ తుపాకి ఏమిటో తెలిసినవాళ్ళు ఇద్దరయ్యారు. అందులో ఒకరి జేబులో చెక్కు పుస్తకం ఉంది.

డెల్మర్ మర్యాదస్తుడే. కట్టుబాటు తప్పడు. ధర మాట్లాడనని ముందే చెప్పాడు. కానీ వాతావరణం మాట్లాడొద్దని ఎవరూ అనలేదు కదా. మధ్యాహ్నానికి ఈ చుట్టుపక్కల పొడుగాటివాళ్ళ చేతులు లాగుతాయని రేడియోలో చెప్పారన్నాడు. పక్క బల్ల మనిషిని అడిగి మడత కుర్చీ తెచ్చుకుని, ఎదురుగా వేసుకుని, గుడ్డు పెట్టబోయే కోడిలా సర్దుకుని కూర్చున్నాడు.

ఎల్డన్‌కు కావాల్సింది ఒక్కటే, ఆర్డిస్. ఆమె అవతలి గదిలో ఉంది. తుపాకితో వెళ్ళకూడదు, తుపాకి వదిలి వెళ్ళకూడదు. అటుగా పోతున్న జీన్ అనే పాత మిత్రుణ్ణి ఆపి, ఆర్డిస్‌ను పర్సు తీసుకుని రమ్మని చెప్పమన్నాడు. ఎందుకని జీన్ అడిగితే చెప్పలేదు. చెప్తే ఆ మాట హాలంతా పాకి, డెల్మర్ పక్కన ఇంకో పది కుర్చీలు పడతాయి. ఇరవై నిమిషాలకు జీన్ తిరిగొచ్చాడు. ఒక చేతిలో వేడి వేడి చిల్లీ గిన్నె, అంటే మాంసం, చిక్కుడు గింజలు కలిపి వండిన కారం కూర. ఇంకో చేతిలో, దాంతో ఇక్కడ అందరూ తినే దాల్చినచెక్క తీపి రొట్టె. ఆర్డిస్ చెప్పి పంపిన మాట కూడా తెచ్చాడు. పర్సు ఉన్నచోటే బావుందట, ఆకలైతే తినమందట.

గిన్నె బల్ల మీద పొగలు కక్కుతోంది. ఎల్డన్ రెండు చేతుల్లోనూ తుపాకి.

"ఇటివ్వరా, నువ్వు తినేదాకా పట్టుకుంటా. చంటిబిడ్డలా చూసుకుంటా" అన్నాడు డెల్మర్.

"నీ చేతికొచ్చిన బిడ్డకి స్నానం తప్పదుగా. అద్దంలా చేసిగానీ ఇవ్వవు."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు అప్పటికే పని మానేసి చూస్తున్నారు. అందరూ నవ్వారు. లోర్నాకు మాత్రం ఇదంతా అర్థం కాలేదు. పొద్దున్నుంచి ఆమెకు ఒక్క బేరం తగల్లేదు. ఈ పెద్దమనిషి చూస్తే తన భర్త తుపాకిని అరగంటగా హత్తుకుని నిలబడ్డాడు, కొననూ కొనడు, పెట్టనూ పెట్టడు, పైగా కూడు చల్లారుతోంది. కూడు చల్లారడం ఆమె సహించలేని విషయం. చెంచా తీసుకుంది.

"నోరు తెరు."

అరవై ఏడేళ్ళ ఎల్డన్ నోరు తెరిచాడు. ఒక చెంచా చిల్లీ, ఒక తుంపు రొట్టె, మళ్ళీ ఒక చెంచా. రెండో తరగతి పిల్లలకు తినిపించినట్టే గడ్డం కింద కాగితం రుమాలు పట్టి తినిపించింది. తినిపిస్తూ వెర్నన్ కబుర్లు చెప్పింది. ఈ తుపాకి 1971లో పాత మొక్కజొన్న కోత యంత్రం ఇచ్చి ఎవరి దగ్గరో మార్చుకున్నాడట. ఆ ఇచ్చినవాడి మేనమామ పెద్ద యుద్ధం అయ్యాక ఉత్తర చైనాలో కాపలా ఉండి తెచ్చాడట. తర్వాత బట్టలుతికే యంత్రం పైన అరలో పడేసి మర్చిపోయాడట. వెర్నన్ మంచివాడే గానీ అరల సంగతి పట్టించుకునేవాడు కాదట. అంటూనే తుపాకి మీదికి చూపు తిప్పింది.

"చూడు ఎంత మట్టిగా ఉందో. రాత్రి ఆరిటినీ తోమేశాను. దీని దగ్గరికి వచ్చేసరికి పీచు అరిగిపోయింది. పొద్దున కొత్తది కొన్నాలే" అని సంచిలోంచి గిన్నెలు తోమే ఇనుప పీచు తీసి, తుపాకి మీదికి చెయ్యి చాచింది.

"వద్దు!"

అరిచింది ఒకరు కాదు. ఎల్డన్ నోట్లో రొట్టెతో అరిచాడు. డెల్మర్ కుర్చీలోంచి లేచి అరిచాడు. ఆ కేకకు అవతలి వరసలో ఎవరిదో మేకుల సీసా కిందపడింది.

లోర్నా పీచు మెల్లగా సంచిలో పెట్టేసింది. కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుంది.

"నేను సొరుగు మీద చెయ్యి వెయ్యబోతుంటే ఇద్దరు పిల్లలు ఒక్కసారే వద్దన్నారంటే, లోపల కప్ప ఉన్నట్టే. ఇందులో ఏముందో ఎవరు చెప్తారు?"

డెల్మర్ పైకప్పు చూశాడు. ధర మాట్లాడే హక్కు అతనికి లేదు. నలభై ఏళ్ళుగా నోటితో బతికిన మనిషి నోరు బిగపట్టుకుని నిలబడటం ఆ జిల్లాలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"ఎల్డన్" అందామె. "ఇది మూడు వందల డెబ్భై అయిదు చేస్తుందా?"

చేస్తుంది. ఆ మాట అంటే అబద్ధం కూడా కాదు. చీటీ మీద ధర ధరే. తెలుసుకున్నవాడికి వచ్చే లాభం వాడు చదువుకున్న చదువుకు కూలి అని సంతల్లో అందరూ ఒప్పుకునే మాట. ఆమెకు సరేనంటే చాలు. ఆర్డిస్ ఎలాగూ భోజనాల రద్దీ తగ్గాక ఇటు వస్తుంది, నాలుగు తిట్టి మూడు వందల చిల్లర ఇవ్వకపోదు. ఇరవై ఏళ్ళ కల సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. తుపాకి బరువు రెండు చేతుల్లోనూ హాయిగా ఆనుకుని ఉంది. నోట్లో మాత్రం ఆమె పెట్టిన తుంపు ఇంకా ఉంది. పెట్టిన చెయ్యి ఎదురుగా ఉండగా, పెట్టింది మింగకముందే అడ్డంగా ఎలా మాట్లాడతాడు?

మింగాడు.

"చేస్తుందండీ. దాని పైన ఇంకో రెండు వేల ఆరు వందలు కూడా చేస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో ఈల వేశారు. లోర్నా బల్ల అంచు పట్టుకుంది. ఎల్డన్ అదేమిటో, ఎక్కడిదో, ఎందుకు అరుదో అంతా చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన జన్మలో మాట్లాడలేదు. చెప్తుంటే చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. కొనలేని వస్తువును పొగుడుతూ ఇంత సంతోషపడేవాణ్ణి చూసి జనానికి మతిపోయింది.

"మూడు వేలు అనుకుందాం, లెక్క తేలిక" అంది లోర్నా చివరికి. "నీ దగ్గర ఎంతుంది?"

"నలభై."

డెల్మర్ మళ్ళీ కుర్చీలో కూలబడి, టోపీ మొహాన పెట్టుకుని, భుజాలు ఎగిరేలా నవ్వాడు. లోర్నా నవ్వలేదు. చీటీ మీద 375 కొట్టేసి 3000 అని రాసింది. నువ్వు పట్టుకున్నావు, బేరం నీదే, హాలు అయిదింటికి మూస్తారు, అప్పటిదాకా ఇంకెవరితో మాట్లాడను అని చెప్పేసింది. డెల్మర్ నవ్వు ఆగింది. గడియారం చూసుకున్నాడు. ఎల్డన్ చేతుల వంక చూశాడు.

ఈసారి జీన్‌ను పంపాల్సిన పని లేకపోయింది. కబురు దానంతటదే వంటగదికి చేరింది. భోజనాల రద్దీ తగ్గేసరికి రెండు దాటింది. ఆర్డిస్ ఏప్రన్‌తోనే వచ్చేసింది, చేతికి పిండి.

"ఏవయ్యా, ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు. పట్టుకున్నాను."

"కింద పెట్టు."

"పెట్టను."

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి. అందరికంటే ఎక్కువ హడలిపోయింది ఆయనే. ఆర్డిస్ ఆయన మొహం వంక చూసింది. ఎంతసేపు చూసిందో, ఏం కనిపించిందో ఆమె తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు. చేతి పిండి ఏప్రన్‌కు తుడుచుకుని డెల్మర్ వైపు తిరిగింది.

"నీకు ఆ రష్యా ముక్కలది కావాలి కదూ?"

డెల్మర్ లేచి నిలబడ్డాడు. ఎల్డన్ ఇంట్లో ఒక ఎస్.కె.ఎస్. ఉంది. చైనావాళ్ళు తుపాకి చెయ్యడం ఇంకా నేర్చుకుంటున్న తొలి ఏడాదిది. రష్యా నుంచి వచ్చిన ముక్కలతో అక్కడ బిగించినది. నెంబర్లన్నీ ఒకటే, కొయ్య మీద గీత కూడా చెదరలేదు. దాని కోసం డెల్మర్ పదకొండేళ్ళుగా అడగడం, ఎల్డన్ వినపడనట్టు నటించడం జరుగుతూ వస్తోంది. ఆ సంగతి ఆర్డిస్‌కు తెలుసని ఎల్డన్‌కు తెలియదు.

"అది ఇచ్చేస్తావా?" అని ఆమె మొగుణ్ణి అడిగింది.

ఎల్డన్ కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"డెల్మర్, కారెక్కు."

ఇల్లు ఇరవై రెండు మైళ్ళు. వాళ్ళు వెళ్ళేసరికి రెండున్నర. మూడున్నరకు ఎల్డన్ కాలు మార్చి కాలు మీద నిలబడటం మొదలుపెట్టాడు. పొద్దుటి కాఫీ, దాని మీద చిల్లీ. లోర్నా ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంతో సంగతి వెంటనే కనిపెట్టి, అడగడానికి సిగ్గుపడితే ఇబ్బంది నీకే అంది.

అప్పుడు మూడో వరసలో పంచాయితీ జరిగింది. తుపాకి కింద పెడితే బేరం పోతుంది. పట్టుకుని వెళ్తే దొంగతనం. పెళ్ళాం చెయ్యి మొగుడి చెయ్యి కిందే లెక్క అన్నారు కొందరు, కానీ పెళ్ళాం ఊళ్ళో లేదు. అమ్మే మనిషి కూడా వెంట వెళ్తే వస్తువు బల్ల దాటినట్టు కాదని జీన్ వాదించాడు. అక్కడి దాకా వెంట వెళ్తాను గానీ గడప దాటనని లోర్నా అంది. చివరికి చీటీ కట్టిన దారానికి ఇంకో పది గజాల పురికొస ముడేశారు. ఎల్డన్ తుపాకితో ముందు, కొస పట్టుకుని లోర్నా వెనక, వాళ్ళ వెనక పాతిక మంది. ఊరేగింపు హాలు పొడుగునా సాగి మగవాళ్ళ మరుగుదొడ్డి దగ్గర ఆగింది. గుమ్మం దగ్గర కాపలా ఉన్న పోలీసు ఏదో అడగబోయి, లోర్నాను చూసి, తన రెండో తరగతి గుర్తొచ్చి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

పురికొస లోపలికి జరజరా వెళ్ళింది. కాసేపు కదల్లేదు.

"అంతా సరేనా?" అని లోర్నా బయట్నుంచి అడిగింది.

"సరేనండీ" అని లోపల్నుంచి వచ్చింది, చాలా వినయంగా.

ఒంటి చేత్తో ఎలా నెగ్గుకొచ్చాడన్నది మర్యాద తెలిసినవాళ్ళెవరూ అడగలేదు. తర్వాత తెలిసినప్పుడు డెల్మర్ అడిగాడు.

నాలుగున్నర అయింది. బల్లలు కొన్ని సర్దేస్తున్నారు. ఆ వరస వాళ్ళు మాత్రం సర్దలేదు. ఎల్డన్ భుజాలు వణుకుతున్నాయి. మోచేతుల కింద ఎవరో రెండు చైనా తుపాకుల పెట్టెలు పేర్చి ఆసరా పెట్టారు. వస్తువు బల్లకు తగలనంతవరకు తప్పు లేదని తీర్పు చెప్పారు. నాలుగూ నలభై. వాళ్ళు రాలేదు. దారిలో వంతెన దగ్గర వరదనీళ్ళేమో అన్నారొకరు. డెల్మర్ కావాలనే ఆలస్యం చేస్తున్నాడేమో అన్నారింకొకరు. ఎల్డన్ మాత్రం ముద్ర వంక చూస్తూ ఉన్నాడు. పోతే పోయింది, ఆరు గంటలు నాది అనుకున్నాడు. అలా అనుకోగానే ఎందుకో పట్టరాని నవ్వొచ్చింది. లోర్నాకూ అంటుకుంది. అక్టోబరు తర్వాత ఆవిడ అలా నవ్వడం అదే మొదలని పక్క బల్ల వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

నాలుగూ యాభై ఒకటికి ఆర్డిస్ వచ్చింది. వెనక డెల్మర్, ఎస్.కె.ఎస్.ని గుండెలకు హత్తుకుని, పెళ్ళిపీటల మీంచి లేచొచ్చినవాడిలా మెరుస్తూ, కానీ కొంచెం బెదిరిపోయి. గోడకున్న తుపాకుల ముందు చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నాడని, లేవదీయడానికి అరగంట పట్టిందని ఆర్డిస్ ఫిర్యాదు చేసింది. దారిలో బేరం ఎలా సాగిందో డెల్మరే చెప్పాడు. అతను పద్దెనిమిది వందలతో మొదలుపెట్టాడట. ఆమె కారు నడుపుతూనే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఆ తుపాకి నెంబరు, ఏ ఏడాదిది, బోల్టు మీద రష్యా ముద్ర ఎక్కడుంది, కిందటేడు టల్సాలో ఇలాంటిదే ఎంతకు పోయింది, దానికి కొయ్య ఎక్కడ పగిలి ఉందో కూడా ఒప్పజెప్పిందట.

"ఒరేయ్, నీ ఇంట్లో నాకంటే పెద్ద వేలం పాటగాడు ఉన్నాడు. ఎప్పుడన్నా చెప్పావా?"

"నాకే తెలీదురా" అన్నాడు ఎల్డన్.

"ఇరవై ఏళ్ళు రాత్రిపూట అన్నం తింటూ చెప్పావు కదయ్యా. చెవులు మూసుకుని తింటాననుకున్నావా?" అంది ఆర్డిస్.

డెల్మర్ మూడు వేలకు చెక్కు రాసి, తిన్నగా లోర్నా చేతికిచ్చాడు. గుర్తింపు కార్డులు చూసుకున్నారు, సంతకాలు పెట్టుకున్నారు. లోర్నా చెక్కు సంచిలో పెట్టుకుని, పురికొస విప్పి, చీటీ చింపేసింది. సరిగ్గా నాలుగూ యాభై తొమ్మిది.

"ఇక కింద పెట్టొచ్చు నాయనా" అంది.

ఎల్డన్ పెట్టబోయాడు. చేతులు వంగాయి గానీ వేళ్ళు రాలేదు. ఆరు గంటలు పట్టుకుని పట్టుకుని బిగుసుకుపోయాయి. బలంగా లాగబోతే కొయ్య గీసుకుంటుందని డెల్మర్ అడ్డుపడ్డాడు. చివరికి ఆర్డిస్ దగ్గరికొచ్చి, చిటికెన వేలు పట్టుకుని మెల్లగా విప్పింది. తర్వాత ఉంగరపు వేలు. మధ్య వేలు దగ్గర ఎల్డన్‌కు చక్కిలిగింత పుట్టింది. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే విప్పిన వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. ఆమె మళ్ళీ మొదట్నుంచి విప్పింది. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా నవ్వుతున్నారు, హాలు దీపాలు ఒక్కొక్క వరసా ఆరిపోతున్నాయి. బొటనవేలు దాకా వచ్చి ఆర్డిస్ ఆగిపోయింది.

"పద, ఇది ఇంటికెళ్ళి తీస్తాలే" అంది.